లైటు ఆరినా ‘వెంట్ ఆఫ్’, అలారం మోగినా ‘వెంట్ ఆఫ్’ ఎందుకు?

లైటుకు ఆరిపోవడమైన ‘వెంట్ ఆఫ్’ అలారానికి మోగడం ఎలా అయిందన్నారు కదండీ. ‘ఆఫ్’ అంటే స్విచ్ కట్టెయ్యడమే అనుకోవడంతో వచ్చిన చిక్కు ఇది. దాని అసలు అర్థం ఒకచోటు నుంచి విడిపోవడం. పాత ఇంగ్లీషులో ‘ఆఫ్’ (off), ‘ఆవ్’ (of) ఒకే మాట. నొక్కి పలికే రూపం ‘ఆఫ్’గా వేరుపడింది.

షూస్ టేక్ ఆఫ్ చేస్తే కాలి నుంచి విడివడతాయి, విమానం టేక్ ఆఫ్ అయితే నేల నుంచి. కరెంటు సంబంధం తెగితే లైటు ఆఫ్. తుపాకీ, బాంబు, అలారం మాత్రం బిగబట్టి ఉంచినవి. ఆ పట్టు వదిలిందంటే పేలడమో మోగడమో జరుగుతుంది. ఇలా గుర్తుపెట్టుకుంటే తికమక ఉండదు.

అలారం మీరే ఆపితే ‘ఐ టర్న్డ్ ఇట్ ఆఫ్’ అనండి. ‘ఇట్ వెంట్ ఆఫ్’ అన్నారో, మోగిందనే అనుకుంటారు!

బ్రిటన్‌లో పాలు పాడైనా ‘వెంట్ ఆఫ్’ అంటారు, అమెరికాలో ‘వెంట్ బ్యాడ్’ ఎక్కువ. ‘డే ఆఫ్’, ‘టెన్ పర్సెంట్ ఆఫ్’ మీకు తెలిసినవే. చీవాట్లు పెట్టడాన్ని ‘టెల్ ఆఫ్’ అంటారు చూడండి, దాన్ని మాత్రం బట్టీ పట్టాల్సిందే.