నడుస్తున్నా బుర్రలో రొయ్యల లెక్కలే... ఏం చేయాలి?

ప్రశ్న: నాకు 51 ఏళ్లు. ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటలు చేస్తున్నాను. బీపీ, షుగర్ రెండింటికీ మాత్రలు వాడుతున్నాను. డాక్టరు చెప్పారని పొద్దున్నే అరగంట నడుస్తున్నా. నడిచినంతసేపూ మేత బాకీలు, కౌంట్ రేటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన పలికే ధర), కరెంటు పోతే గుంట నీళ్లకు గాలి అందించే ఏరేటర్ల గతేంటి... ఇవే ఆలోచనలు. ఇంటికొచ్చేసరికి తల ఇంకా బరువెక్కుతోంది. మైండ్‌ఫుల్‌నెస్‌తో, అంటే ధ్యాసంతా నడక మీదే పెట్టి నడవమని, మైపాడు బీచ్‌లో ఒట్టి కాళ్లతో నడిస్తే మరీ మంచిదని మా అబ్బాయి అంటున్నాడు. ఆలోచనలు ఆపడం నా వల్ల అవుతుందా? దీంతో మాత్రలు తగ్గించుకోవచ్చా?
- ఒక పాఠకుడు, నెల్లూరు జిల్లా

జవాబు: ఆలోచనలు ఆపడం ఎవరివల్లా కాదండీ. గుంటల్లో లక్షలు పెట్టిన మనిషికి అసలే కాదు. మీ అబ్బాయి చెప్పిన పద్ధతిలోనూ ఆ పని లేదు. బౌద్ధుల ధ్యానంలో నడుస్తూ చేసే సాధన ఎప్పటినుంచో ఉంది. 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ ఇలాంటి ధ్యాన పద్ధతులను ఎనిమిది వారాల శిక్షణగా మార్చి ఆసుపత్రి రోగులకు నేర్పడం మొదలుపెట్టారు.

మొదటి పది నిమిషాలు మామూలుగా నడవండి, లెక్కలు వస్తే రానివ్వండి. తర్వాత పది నిమిషాలు ధ్యాస అరికాళ్ల మీద పెట్టండి. మడమ ఆనడం, బరువు ముందుకు జరగడం, వేళ్లు నేలను నెట్టడం గమనించండి. మధ్యలో మేత బాకీ గుర్తొస్తుంది, తప్పదు. గుర్తొచ్చిందని తెలియగానే ‘లెక్కలు’ అని లోపల ఒక్క మాట అనుకుని మళ్లీ పాదాల దగ్గరికి రండి. పది నిమిషాల్లో ఇరవైసార్లు దారి తప్పినా ఫర్వాలేదు. అలా తిరిగి రావడమే ఇక్కడ కసరత్తు. చివర్లో గాలి, పిట్టల అరుపులు, మోటార్ల చప్పుడు వింటూ నిదానించండి. వేగం మాత్రం మాట్లాడగలిగేలా, పాట పాడలేనంతగా ఉంటే చాలు.

ఫోన్ ఇంట్లో వదిలేయమని మీకు చెప్పను, చెప్పినా వినరు. గుంటల కాపలా మనిషి నంబరుకు తప్ప మిగతా వాటికి రింగ్ రాకుండా పెట్టుకోండి. కరెంటు పోతే జనరేటర్ ఎవరు వేస్తారో, డీజిల్ ఎంతుందో ముందు రోజు రాత్రే తేల్చుకోండి. కొన్ని దిగుళ్లకు ధ్యానం కన్నా డీజిలే మందు.

ఒట్టి కాళ్ల నడక మాత్రం వద్దు. షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు. ఇసుకలో గవ్వ కోసుకున్నా, ఎండకు కాలినా తెలియదు. చిన్న గాయమే పుండవుతుంది. బీచ్‌లో అయినా బూట్లు వేసుకోండి, ఇంటికొచ్చాక అరికాళ్లు చూసుకోండి. పాదాల మీద ధ్యాస పెట్టినప్పుడు తిమ్మిరి, మంట, దూది మీద నడుస్తున్నట్టు అనిపిస్తే అది ఏకాగ్రత లోపం కాదు, నరాలు దెబ్బతింటున్న గుర్తు కావచ్చు. వెంటనే డాక్టరుకు చూపించండి.

మాత్రలు మీకై మీరు తగ్గించవద్దు. క్రమం తప్పని నడకతో బీపీ కొంత దిగుతుంది, మనసు నెమ్మదిస్తే నిద్ర కూడా బాగుపడవచ్చు. కానీ ఎంత దిగిందో మిషన్ చెప్పాలి. నడిచి వచ్చిన వెంటనే కాకుండా అరగంట ఆగి, తర్వాత ఐదు నిమిషాలు కుర్చీలో కదలకుండా కూర్చుని చూసుకోండి. ఒక వారం ఉదయం, సాయంత్రం రాసిపెట్టి, మూడు నెలల షుగర్ సగటు పరీక్షతో కలిపి మీ డాక్టరుకు చూపించండి. తగ్గించాలో లేదో ఆయన చెబుతారు.

కొన్ని షుగర్ మాత్రలతో, ఇన్సులిన్‌తో నడకలో షుగర్ పడిపోతుంది. జేబులో కాస్త చక్కెరో గ్లూకోజో ఉంచుకోండి. చెమటలు, వణుకు వస్తే ఆగి తినండి. ఛాతీలో బిగువు, దవడకో చేతికో పాకే నొప్పి వస్తే నడక ఆపేసి 108కి ఫోన్ చేయండి. రోహిణి కార్తె ఎండల్లో తెల్లవారకముందే ముగించుకోండి. ఇంతా చేసి రెండు వారాలైనా నిద్ర పట్టకపోతే, దేనిమీదా ఆసక్తి లేకపోతే మానసిక వైద్యుణ్ని కలవండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలిమానస్ హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు.