ఊరెళ్లిపోతానంటోంది అమ్మ... పంపాలా, వద్దా?

ప్రశ్న: మా అమ్మకు 69 ఏళ్లు. నాన్న పోయి ఏడాదిన్నర అయింది. తెనాలి దగ్గర మా పల్లెలో ఒక్కతే ఎందుకని హైదరాబాద్ మియాపూర్‌లోని మా ఫ్లాట్‌కి తెచ్చుకున్నాం. వంటమనిషి, పనిమనిషి ఉన్నారు. అమ్మను ఏ పనీ ముట్టుకోనివ్వం. అయినా రోజంతా గదిలోనే ఉంటుంది. టీవీ పెద్ద సౌండుతో పెట్టుకుంటుంది కానీ మనసు పెట్టి చూడదు. కిందికి దిగమంటే మోకాళ్ల నొప్పులంటుంది. మావారు ఇంట్లో ఉంటే హాల్లోకి కూడా రాదు. తమ్ముడు డాలస్‌లో ఉంటాడు, ఆదివారాలు వీడియో కాల్ చేస్తాడు. ఈమధ్య ‘నన్ను ఊళ్లో దింపెయ్’ అని ఒకటే పోరు. అక్కడ ఏమైనా అయితే చూసేదెవరు? ఈ టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు.
– ఓ కూతురు, హైదరాబాద్

జవాబు: ‘అమ్మను ఏ పనీ ముట్టుకోనివ్వం’ అని రాశారు చూడండి, నేను అక్కడే ఆగిపోయాను. ప్రేమ కొద్దీ చేస్తున్నదే అది. కానీ ఊళ్లో ఆవిడ రోజు ఎలా గడిచేదో ఒకసారి గుర్తు చేసుకోండి. తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గేసి, పాలు పోయించుకుని, పొద్దెక్కేసరికి వంట ముగించి, సాయంత్రం అరుగు మీద నలుగురితో కూర్చునే మనిషి. తాను చేయకపోతే ఆగిపోయే పని ఆమెకు ఉండేది. రెండు రోజులు కనిపించకపోతే ‘ఏం వదినా, ఒంట్లో బాగాలేదా’ అని గుమ్మం దాకా వచ్చే మనుషులుండేవారు. ఇప్పుడు ఆ రెండూ లేవు. ఊరెళ్తానన్న పోరంతా వాటి కోసమేనని నా నమ్మకం.

అయితే ముందు డాక్టరు దగ్గర తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. టీవీ సౌండు సంగతి చదవగానే నాకు చెవుల మీద అనుమానం వచ్చింది. ఏం చెప్పినా ‘ఆఁ, సరే’ అనేసి ఊరుకుంటున్నారా? నలుగురు ఒకేసారి మాట్లాడుతుంటే లేచి వెళ్లిపోతున్నారా? సరిగా వినపడని పెద్దవాళ్లు పదేపదే ‘ఏమన్నావ్’ అని అడగలేక మౌనంగా ఉండిపోతారు. ఈఎన్‌టీ డాక్టరు దగ్గర వినికిడి పరీక్ష చేయించండి. మెషిన్ అవసరమైతే దానికి అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారంలోనే ‘చెవిలో గోల’ అని తీసి డబ్బాలో పడేస్తారు, అక్కడ మీరు ఓపిక పట్టాలి. డిమెన్షియాకు (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు) దారితీసే కారణాల్లో మనం అడ్డుకోదగినవి 14 ఉన్నాయని లాన్సెట్ వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో చెప్పింది. వినికిడి లోపం, ఒంటరితనం, కదలిక లేకపోవడం మూడూ అందులో ఉన్నాయి. కళ్లలో శుక్లాలున్నాయేమో చూపించండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12 పరీక్షలు కూడా అవసరమో లేదో డాక్టరును అడగండి.

ఇంకొకటి ఆవిడంతట ఆవిడ మీకు చెప్పరు. దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కలు పడటం, బాత్రూమ్‌కి వెళ్లేలోపే తడిసిపోవడం ఈ వయసు ఆడవాళ్లలో చాలామందికి ఉంటుంది. ఆ భయంతో నీళ్లు తాగడం తగ్గిస్తారు, బయటికి రమ్మంటే మోకాళ్ల మీద నెపం పెడతారు. తలుపు వేసుకుని, మీరిద్దరే ఉన్నప్పుడు మెల్లగా అడగండి. మూత్రాన్ని ఆపే కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామాలతో చాలామందికి తగ్గుతుంది, మందులూ ఉన్నాయి.

మోకాళ్ల నొప్పి నిజమే అయినా, అరుగుదల ఉన్న మోకాలికి పూర్తి విశ్రాంతి మేలు చేయదు. తొడ కండరాలు బలహీనపడి నొప్పి ఇంకా పెరుగుతుంది. 65 దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మాదిరి వేగంతో నడవడం లాంటివి చేయాలని, మూడు రోజులైనా కండరాల బలానికి, తూలిపడకుండా ఉండటానికి పనికొచ్చే కసరత్తులు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంత లెక్క ఇప్పుడే వద్దు. డైనింగ్ కుర్చీ గోడకు ఆనించి వేయండి. అమ్మగారు దాని అంచున కూర్చుని, చేతులు ఆనించకుండా లేచి, మళ్లీ నెమ్మదిగా కూర్చోవాలి. దబ్బున కూలబడకూడదు, ఆ నెమ్మదిలోనే ఉంది కసరత్తంతా. మొదట ఐదుసార్లు చాలు. తర్వాత వంటగది గట్టు పట్టుకుని మడమలెత్తి నిలబడటం. పక్కన మీరూ చేయండి, లేకపోతే రెండో రోజుకే మానేస్తారు. నొప్పి మరీ ఎక్కువైతే ఫిజియోథెరపిస్టుకు చూపించండి.

ఇక పని సంగతి. కాలక్షేపానికి ఏదో ఒకటి అప్పజెబితే ఆవిడ ఇట్టే కనిపెట్టేస్తారు. నిజంగా ఇంటికి అవసరమైన పనే ఇవ్వండి. పొద్దుటి కాఫీ, పెరుగు తోడేయడం, కూరగాయలు బేరమాడి కొనడం, వంటమనిషికి ఏ పూట ఏం వండాలో చెప్పడం ఆవిడకు వదిలేయండి. ఉప్పు ఎక్కువైనా సరే మీరు మధ్యలో దూరకండి. అన్నట్టు, ఊళ్లో పొలం ఉంటే దాని కౌలు డబ్బులు ఎవరి అకౌంట్లో పడుతున్నాయి? మీ అకౌంట్లో అయితే అమ్మ అకౌంట్‌కి మార్పించండి. మనవలకు పది రూపాయలివ్వాలన్నా కూతుర్ని అడగాల్సి రావడం ఏ తల్లికైనా చిన్నతనమే.

మీవారుంటే హాల్లోకి రారన్నారు. ‘అల్లుడింట్లో ఎన్నాళ్లు ఉంటాను’ అన్న బెరుకు మన తల్లులకు ఎముకల్లో ఉంటుంది. ఫ్రిజ్ తెరవరు, ఫ్యాన్ వేసుకోరు, ఆకలేసినా అడగరు. ఇది మీరు తీర్చలేరు, మీవారే తీర్చాలి. ‘ఇది మీ ఇల్లే’ అన్న మాట ఆయన వంద సార్లు అన్నా అది మర్యాద కిందే పోతుంది. అదే ‘అత్తయ్యగారూ, గోంగూర పచ్చడి తినాలనుంది, చేస్తారా’ అని ఒక్కసారి అడిగితే ఆవిడ వంటగదిలోకి వస్తారు. అది నిజమైన అడగడం కావాలి, పెట్టిన పచ్చడి తినాలి కూడా.

స్నేహాల విషయంలో మీరు ఒక అడుగు ముందుండాలి. భర్త పోయిన ఆడవాళ్లు పేరంటాలకు, నోములకు వెళ్లడానికి జంకుతారు, ఎవరేమనుకుంటారోనని. ఈ పద్ధతి నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది, కానీ ఆవిడ మనసులో ఉన్నదాన్ని మనం వాదించి తీసేయలేం. ఆ జంకు అక్కర్లేని చోటు చూడండి. గుడిలో విష్ణు సహస్రనామ పారాయణం, భజన బృందం, సాయంత్రం పార్కు బెంచీ మీద చేరే పెద్దవాళ్లు ఉంటారు. మొదట కొన్నాళ్లు మీరే తీసుకెళ్లి, ఆమె ఈడు మనిషి ఒక్కరితో పరిచయం కలపండి. రోజూ ఒకే వేళ, ఒకే చోటు అయితే ముఖాలు త్వరగా గుర్తుంటాయి. నలుగురితో కలవనక్కర్లేదు, ఆ ఒక్కరూ ‘నిన్న రాలేదేం’ అని అడిగితే మర్నాడు ఆవిడే చెప్పులు వేసుకుంటారు.

తమ్ముడికి కూడా ఓ మాట చెప్పండి. ‘తిన్నావా, మందులేసుకున్నావా’ దగ్గరే కాల్ ముగించొద్దని, ఫలానా పిన్ని కూతురు ఎవరింటి కోడలైందో, పప్పుచారు పోపు ఎలాగో ఆమెకు మాత్రమే తెలిసిన సంగతులు అడగమనండి.

ఒక జాగ్రత్త. రెండు వారాలకు పైగా తిండి, నిద్ర తగ్గి, దేని మీదా ఆసక్తి లేకుండా ఉంటే, ‘నేనూ మీ నాన్నతో పోయుంటే బాగుండేది’ లాంటి మాటలు వస్తుంటే, వయసు మీద నెట్టేయకుండా మానసిక వైద్యుణ్ణి కలవండి. పెద్దవాళ్ల డిప్రెషన్ చికిత్సకు లొంగుతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. వృద్ధుల కోసం ఎల్డర్‌లైన్ 14567 ఉంది. మీ నిద్రలేమికి కూడా టెలి మానస్‌తో మాట్లాడండి, మొహమాటం వద్దు.

చివరిగా మీ ప్రశ్న. పంపండి. శాశ్వతంగా దింపి రావడం కాదు, పూర్తిగా ఆపేయడమూ కాదు. డాక్టరు పరీక్షలు అయ్యాక, మీరు తోడెళ్లి, ఆవిడ ఒక నెల అక్కడ ఉండేలా ఏర్పాటు చేయండి. వెళ్లే తేదీ, తిరిగొచ్చే తేదీ ఆవిడే చెప్పాలి. బాత్రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ, జారని చాప, రాత్రిపూట వెలిగే చిన్న లైటు పెట్టించండి. పక్కింటివాళ్ల దగ్గర ఒక తాళంచెవి ఉంచండి. పొద్దున్నే ఆవిడే మీకు ఫోన్ చేయాలని, ఎనిమిదైనా రాకపోతే మీరు పక్కింటికి చేస్తారని ముందే అనుకోండి. మందుల చీటీ ఫోటో పక్కింటివాళ్ల ఫోన్‌లోనూ ఉండాలి. ఆ నెల ఎలా గడిచిందో చూసి, సంవత్సరంలో ఎన్ని నెలలు అక్కడ, ఎన్ని నెలలు ఇక్కడ అన్నది అమ్మ, మీరు, మీవారు, తమ్ముడు కలిసి మాట్లాడుకోండి. ఆ మాటల్లో ముందు అమ్మను చెప్పనివ్వండి.