లేబర్ రూమ్‌కు కొత్త మానిటర్ కొనే ముందు ఏం అడగాలి?

కడుపులో బిడ్డ పరిస్థితిని ఏఐతో అంచనా వేసే కొత్త మానిటర్ డెమో చూశాం, చాలా బాగుంది, కొనమని మేనేజ్‌మెంట్‌కు చెప్పవచ్చా అని అడిగారు. ఇప్పుడే చెప్పకండి. నేను చాలా ఏళ్లుగా లేబర్ రూమ్‌లో పనిచేస్తున్న గైనకాలజిస్టుని, ఇలాంటి డెమోలు చూసి కొనాలో వద్దో తేల్చాల్సిన కమిటీల్లోనూ ఉన్నాను.

డెమోలో ఎక్కువగా చూపించేది కొత్త మెషీన్ రీడింగ్ పాత మెషీన్ రీడింగ్‌తో ఎంత బాగా సరిపోతుందో. అది చూడాల్సిందే, కానీ దానితో సరిపెట్టుకోకూడదు. ఆ రీడింగ్ వల్ల మనం తీసుకునే నిర్ణయం మారిందా, మారితే తల్లికో బిడ్డకో మేలు జరిగిందా అన్నది తెలియాలి.

ఫీటల్ పల్స్ ఆక్సిమీటర్ సంగతే చూడండి. సిటిజి (బిడ్డ గుండె లయనూ తల్లి నొప్పులనూ ఎప్పటికప్పుడు గీసి చూపించే యంత్రం) గ్రాఫ్ బాగా లేదని సిజేరియన్ చేస్తే చాలాసార్లు బిడ్డ హాయిగా ఏడుస్తూ పుడుతుంది, అందుకని ఉమ్మనీరు పోయాక లోపలికి సెన్సార్ పంపి బిడ్డ చెంపకు ఆనించి నేరుగా ఆక్సిజన్ కొలిస్తే అనవసరమైన ఆపరేషన్లు తగ్గుతాయని అనుకున్నారు. వినడానికి ఎంత సబబుగా ఉందో! 2000లో అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ అనుమతి కూడా వచ్చింది. అదే ఏడాది 1,010 మందిపై వచ్చిన ట్రయల్‌లో బిడ్డ గుండె లయ బాగా లేదని చేసే సిజేరియన్లు తగ్గాయి కానీ మొత్తం సిజేరియన్లు తగ్గలేదు. తర్వాత 5,341 మంది తొలిచూలు తల్లులకు సెన్సార్ పెట్టి, కొందరి రీడింగ్ డాక్టర్లకు కనిపించేలా, మిగతావాళ్లది కనిపించకుండా ఉంచి చూశారు. 2006లో ఫలితం వచ్చింది: సిజేరియన్లలో తేడా లేదు, పిల్లల ఆరోగ్యంలోనూ తేడా లేదు. ఆ సెన్సార్ మార్కెట్లోంచి వెళ్లిపోయింది.

మీరు అడిగిన ఏఐకి ఇంకా దగ్గరగా ఉన్నది 2017లో వచ్చిన ఇన్ఫంట్ ట్రయల్. బ్రిటన్, ఐర్లాండ్‌లలో దాదాపు 47,000 మంది తల్లుల్లో సగం మందికి సిటిజి గ్రాఫ్‌ను కంప్యూటరే చదివి హెచ్చరికలు ఇచ్చింది, మిగతా సగానికి ఇవ్వలేదు. పిల్లల ఫలితాలు మెరుగుపడలేదు. గ్రాఫ్ సరిగ్గా చదవడం ఒక్కటే సమస్య కాదని నాకు దీన్నిబట్టి అర్థమైంది. హెచ్చరిక వచ్చాక ఎవరు వస్తారు, ఎంతసేపట్లో వస్తారు, వచ్చి ఏం చేస్తారు అన్నవి మెషీన్ చేతిలో లేవు కదా.

అసలు సిటిజి కూడా సరైన ట్రయల్స్ రాకముందే లేబర్ రూముల్లో పాతుకుపోయింది. మధ్యమధ్యలో గుండె చప్పుడు వినే పద్ధతితో పోలిస్తే నవజాత శిశువుల్లో ఫిట్స్ సగానికి తగ్గాయి, అది చిన్న విషయమేమీ కాదు. కానీ శిశు మరణాలు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు సరిగా రాకపోవడం) తగ్గినట్టు తేలలేదు, సిజేరియన్లు మాత్రం పెరిగాయి. ఒకసారి అలవాటైన యంత్రాన్ని వెనక్కి తీయడం దాదాపు అసాధ్యం, అందుకే కొనకముందే ఇంత గట్టిగా అడగమంటున్నాను.

ఒక డెమోలో నేను అడిగిందే మీరూ అడగండి: తల్లి ముక్కేటప్పుడు ఆమె నాడి బాగా పెరుగుతుంది, అప్పుడు మీ మెషీన్ లెక్కపెడుతున్నది బిడ్డ గుండెనా, తల్లి గుండెనా అన్నది ఎలా తెలుస్తుంది? ఆ కంపెనీ ప్రతినిధి జవాబు చెప్పకుండా అవే స్లైడ్లు మళ్లీ చూపించారు, మేం అక్కడితో ఆపేశాం. ఇది ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న, ఎందుకంటే తల్లి నాడి బిడ్డదిగా నమోదైతే ప్రమాదంలో ఉన్న బిడ్డ కూడా గ్రాఫ్‌లో బాగానే కనిపిస్తుంది. బరువు ఎక్కువున్న తల్లుల్లో, నొప్పుల చివరి దశలో సిగ్నల్ ఎంతసేపు పోతుందో కూడా అడగండి. సగటు అంకె చెబితే ఒప్పుకోకండి.

అనుమతి ఉంది కదా అంటారు. అమెరికాలో అప్పటికే మార్కెట్లో ఉన్న పరికరంతో దాదాపు సమానమని చూపించి అనుమతి తెచ్చుకునే దారి ఒకటుంది, ఆ దారిలో వస్తే తల్లీబిడ్డలకు మేలు జరిగిందని నిరూపించి ఉండకపోవచ్చు.

వాడి చూడాలనే ఉంటే ఎథిక్స్ కమిటీ అనుమతితో, ఇది ఇంకా పరీక్షలో ఉందని తల్లికి చెప్పి కన్సెంట్ తీసుకుని, ఇప్పుడున్న పద్ధతి ఏదీ మానకుండా వాడండి. ఏం జరిగితే ఆపేస్తారో మొదలుపెట్టకముందే రాసిపెట్టుకోండి. కంపెనీ ఇచ్చిన పేపర్లలో మాత్రం ముందు ఒకటి చూడండి: ట్రయల్ మొదలవకముందే నమోదు చేశారా, ప్రధాన ఫలితంగా రాసుకున్నది బిడ్డ ఆరోగ్యమా, ఉత్త సిగ్నల్ నాణ్యతా?