యువరాజు ముందే చనిపోతే సింహాసనం తమ్ముడిదా, కొడుకుదా?

పెద్దకొడుకు వారసత్వం పాటించే వంశాల్లో హక్కు ముందు చనిపోయిన యువరాజు సంతానానికే వెళ్తుంది. సంతానం లేకపోతేనే తమ్ముడి వంతు. ఇక్కడ వరుస వయసును బట్టి కాదు, శాఖను బట్టి నడుస్తుంది. పెద్ద శాఖలో ఒక్క వారసుడు మిగిలినా రెండో శాఖ ఆగాల్సిందే.

ఫ్రాన్స్ రాజు 14వ లూయీ ఇంట్లో ఇదే జరిగింది. 1711లో ఆయన కొడుకు మశూచితో పోయాడు. 1712 ఫిబ్రవరిలో 29 ఏళ్ల పెద్ద మనవడు, మార్చిలో ఆ మనవడి ఐదేళ్ల కొడుకు తట్టుతో పోయారు. ఏడాదిలోపు ముగ్గురు వారసులు! మిగిలింది ఆ మనవడి చిన్నకొడుకు, రెండేళ్ల పసివాడు. వాడి బాబాయి బెర్రీ డ్యూక్ అప్పటికి పాతికేళ్లవాడు, అయినా వారసుడు పసివాడే. 1715లో ఐదేళ్లకే 15వ లూయీగా రాజయ్యాడు.

పసివాడు పాలించలేడు కాబట్టి హక్కు పెద్దవాళ్లకు పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. 1723 వరకు పాలన చూసిన ఓర్లియాన్స్ డ్యూక్ ప్రతినిధి మాత్రమే, రాజు కాదు.