నీటిలో ఉన్నది నీడా, ప్రతిబింబమా?

సందేహం: ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మోనే శీతకాలపు సెన్ నదిని గీసిన ‘మంచుగడ్డలు’ చిత్రం గురించి రాస్తూ “తెల్లని మంచు తేలే నీటిలో చెట్ల నీలినీడలు” అన్నాను. ‘నీలినీడలు’ అంటే అనుమానాలనీ, ఇక్కడ కుదరదనీ ఒక మిత్రుడి అభ్యంతరం. ‘నీడ’ తీసేసి ‘ప్రతిబింబం’ అనాలని ఇంకొకరి సలహా. ఏది సరి?

సమాధానం: మీ వాక్యం మారాల్సిందే, కానీ మొదటి మిత్రుడు చెప్పిన కారణం ఒక్కటే సరిపోదు.

పాత తెలుగులో నీలం అంటే నలుపు కూడా. నీలవేణి జుట్టు, నీలమేఘం నల్లనివే గాని ఇప్పుడు మనం అనే బ్లూ రంగువి కావు. పత్రికల్లో పరీక్షల మీదా ఒప్పందాల మీదా కమ్ముకునే ‘నీలినీడలు’ ఈ కోవకు చెందినవి. ఆ పలుకుబడికి కొన్ని గుర్తులున్నాయి: ఎప్పుడూ బహువచనం, కలిపి రాసిన మాట, పక్కన ‘కమ్ముకున్నాయి’, ‘అలముకున్నాయి’ లాంటి క్రియ. రంగు చెప్పదలిస్తే ఆ మూసలోంచి బయటపడాలి. ‘నీలిరంగు నీడ’ అనండి, లేదా ‘నీడ నీలంగా ఉంది’ అని రంగును వాక్యం చివరికి నెట్టండి. అప్పుడు ఎవరికీ అనుమానం రాదు.

నీడ నీలంగా ఉండడం కవిత్వం కాదు. మోనే 1868–69 శీతకాలంలో వేసిన ‘లా పీ’ (మాగ్‌పై పక్షి) చూడండి. అది ఇప్పుడు పారిస్ ఓర్సే మ్యూజియంలో ఉంది. మంచు కప్పిన తోట, కంచె, దాని తడికె గేటు మీద ఒంటరి పక్షి. కంచె నీడ మంచు మీద నీలంగా పరుచుకుంటుంది. ఎండ నేరుగా తగలని చోటికి ఆకాశం వెలుతురు మాత్రం చేరుతుంది, అది నీలం. మంచు తెల్లగా ఉంటుంది కనుక తన మీద పడ్డ రంగును దాచుకోకుండా చూపిస్తుంది. పక్కన ఎండ పడ్డ మంచు పసుపు ఛాయలో ఉండడంతో కంటికి ఆ నీలం మరింత ముదురుతుంది. నీడ అనగానే నలుపు కలిపితే ఈ చల్లదనం పోయి మురికి మరకలా తయారవుతుంది. ఆ చిత్రం గురించి రాసేటప్పుడు ‘నీలిరంగు నీడ’ అచ్చంగా సరిపోతుంది.

‘మంచుగడ్డలు’ విషయం వేరు. 1879–80 చలికాలంలో సెన్ గడ్డకట్టింది. జనవరి మొదట్లో మంచు విరిగి, పలకలు పలకలుగా కొట్టుకుపోయింది. అప్పుడు వెతెయ్ ఊళ్లో ఉన్న మోనే ఆ దృశ్యాన్ని 20 దాకా చిత్రాల్లో వేశాడు. వాటిలో చాలావరకు మబ్బు పట్టిన ఆకాశమే. అంటే అక్కడ ఎండ లేదు, వెలుతురు ఉంది. తెలుగులో ఈ రెండు మాటలకీ ఉన్న తేడా ఇక్కడ పనికొస్తుంది. ఎండ ఉంటేనే అంచు తెలిసే నీడ పడుతుంది. చుట్టూ సమంగా పరుచుకున్న వెలుతురులో నీడ పలచబడి మాయమవుతుంది. కనుక ఆ నీటిలో కనిపించేవి చెట్ల ప్రతిబింబాలే.

మరి ‘నీడ’ తప్పా? కాదు. బావిలో తన నీడ చూసి మరో సింహమనుకుని దూకిన సింహం కథ అందరికీ తెలిసిందే. అద్దంలో నీడ, నీళ్లలో నీడ మన నోటి మాటలే. కథకి అది చాలు. చిత్రం గురించి రాసేటప్పుడు మాత్రం రెంటినీ విడదీయక తప్పదు. ప్రతిబింబం ఎప్పుడూ వస్తువుకి సూటిగా కిందికి, చూసేవాడి వైపు దిగుతుంది. నీడ సూర్యుడు ఎటుంటే దానికి ఎదురుదిక్కున వాలుతుంది. తేటనీటి మీద నీడ సరిగా ఆనదు, దానికి బురదనీరో మంచుపలకో కావాలి. మోనే కుంచె నడక కూడా ఈ తేడానే చూపుతుంది: తేలే పలకలకు అడ్డగీతలు, చెట్ల ప్రతిబింబాలకు నిలువుగీతలు.

మీరు అడగకపోయినా ‘మంచు’ గురించి ఒక మాట. “మంచులో తిరక్కు, జలుబు చేస్తుంది” అన్నప్పుడు మనకది గాలిలోని తేమ. ‘తెల్లని మంచు తేలే నీరు’ అంటే పాఠకుడు నది మీది పొగమంచునే ఊహించుకుంటాడు. ‘మంచుపలకలు’ అనండి. ‘తెల్లని’ కూడా తీసేయండి. ఆ పలకల తెలుపులో నీలం, లేత గులాబీ, ఊదా కలిసి ఉంటాయి. ‘వంగపండు రంగు’ అనకండి, అంత ముదురు కాదు.

“మబ్బు వెలుతురులో లేత ఊదా మంచుపలకలు తేలుతున్నాయి, వాటి సందుల్లో చెట్ల ప్రతిబింబాలు నిలువుగా దిగాయి.” ఇలా రాస్తే సరిపోతుందనుకుంటాను.

ఈ చిత్రాల్లో కొన్నిటికి ‘దెబాక్ల్’ అనే పేరుంది. ఇంగ్లీషులోకి వెళ్లిన ‘డెబాకిల్’ను చూసి ‘ఘోర పరాజయం’ అని అనువదించేరు, జాగ్రత్త. ఫ్రెంచిలో దాని మొదటి అర్థం నది మీది మంచు విరిగి కొట్టుకుపోవడమే. మీ నీలినీడలకు వచ్చిన చిక్కే దానికీ వచ్చింది.