అమెచ్యూర్‌గా, అంటే డబ్బు కోసం కాకుండా గోల్ఫ్ ఆడే అమ్మాయి ప్రొఫెషనల్ ఎలా అవుతుంది?

“ఇక నుంచి ప్రొఫెషనల్‌ని” అని ప్రకటించుకోవడం పెద్ద పని కాదు. ఆడటానికి పెద్ద టూర్‌లో, అంటే ఏడాది పొడవునా వరుసగా జరిగే టోర్నమెంట్లలో, చోటు దొరకడమే అసలు కష్టం. ఆ చోటునే టూర్ కార్డు అంటారు.

బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ దారి చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. అయిదేళ్ల వయసులో గోల్ఫ్ కర్ర (క్లబ్) పట్టింది. అమెచ్యూర్‌గా 2014 ఏషియన్ గేమ్స్, యూత్ ఒలింపిక్స్ ఆడింది. 2015లో బ్రిటిష్ లేడీస్ అమెచ్యూర్ స్ట్రోక్ ప్లే (మొత్తం ఎన్ని స్ట్రోక్‌లు, అంటే దెబ్బలు, పట్టాయో లెక్కపెట్టే పోటీ) టైటిల్ గెలిచింది. అదే ఏడాది డిసెంబర్‌లో మొరాకోలో జరిగిన లేడీస్ యూరోపియన్ టూర్ క్వాలిఫైయింగ్ స్కూల్‌లో మొదటి స్థానం కొట్టింది. పేరుకు స్కూలే గానీ, అది రోజుల తరబడి సాగే పోటీ. పైవరుసలో నిలిచినవాళ్లకే పూర్తి కార్డు. అప్పటికి తనకు 17 ఏళ్లే! ఆ టెన్షన్‌లో గెలవడం మామూలు విషయం కాదు.

2016 జనవరిలో ప్రొఫెషనల్ అయింది. ఆగస్టులో రియో ఒలింపిక్స్‌కు వెళ్తే కేడీగా బ్యాగ్ మోసింది తండ్రే. నవంబర్‌లో గురుగ్రామ్‌లో లేడీస్ యూరోపియన్ టూర్‌లో భాగమైన ఇండియన్ ఓపెన్ గెలిచి, ఆ టూర్‌లో టైటిల్ సాధించిన తొలి భారతీయురాలైంది. 2017 నుంచి అమెరికాలోని మహిళల ప్రొఫెషనల్ టూర్ అయిన ఎల్‌పీజీఏలోనూ ఆడుతోంది. అక్కడా క్వాలిఫైయింగ్ దాటే వెళ్లింది.

టోక్యో ఒలింపిక్స్‌లో ఒక్క స్ట్రోక్ తేడాతో కాంస్యం చేజారి నాలుగో స్థానంలో ఆగినప్పుడు, గోల్ఫ్ తెలియనివాళ్లం కూడా టీవీ ముందు కూర్చుని బాధపడ్డాం.