థెరపీ అంటే మాటలు చెప్పి పంపడమేనా?

"మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. వీక్లీ టెస్టులో రెండు మార్కులు తగ్గినా తలుపు గడియ పెట్టుకుని గంటసేపు ఏడుస్తుంది. థెరపీకి తీసుకెళ్లమంటున్నారు. అక్కడ నాలుగు మంచి మాటలు చెప్పి పంపిస్తారు, అంతేగా?" అని ఒకరు అడిగారు.

అంతే కాదండీ. భావాలు ఇలా అదుపు తప్పే పిల్లలకు వాడే పద్ధతుల్లో డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) ఒకటి. అమెరికన్ సైకాలజిస్ట్ మార్షా లినెహాన్ దీన్ని మొదట ఆత్మహత్య ఆలోచనలున్న పెద్దవాళ్ల కోసం తయారు చేశారు. తర్వాత టీనేజర్లకు తగ్గట్టు మార్చారు. ఉపదేశం తక్కువ, ప్రాక్టీసు ఎక్కువ.

ఉదాహరణకు, ఏడుపు ఆగనప్పుడు ఊపిరి బిగబట్టి చన్నీళ్ల గిన్నెలో అర నిమిషం ముఖం ముంచమంటారు. నీళ్లలో మునిగితే గుండె వేగం తగ్గించుకోవడం ఒంటికి సహజంగా ఉన్న గుణం. మార్కులేమీ పెరగవు, కానీ మనిషి కాస్త ఆలోచించే స్థితికి వస్తుంది. (గుండె జబ్బు, తిండి మానేసే సమస్య ఉంటే డాక్టర్ని అడగకుండా చేయొద్దు.) ఏ రోజు ఏ భావం ఎంత గట్టిగా వచ్చిందో అంకె వేసి కార్డులో రాసుకోవాలి కూడా.

చాలామందికి మింగుడుపడనిది, తల్లిదండ్రులూ ఈ థెరపీ క్లాసుకి రావాలి. "దీనికే ఏడుస్తావా?" అనే బదులు "అంత చదివాక తగ్గితే బాధే మరి" అనడం మనకూ నేర్పాల్సిందే!

ముందు ఎవరితోనైనా మాట్లాడాలంటే 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చేతులు కోసుకోవడం, చచ్చిపోతాననడం ఉంటే మాత్రం ఆ రోజే సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి.